రెప్పవేయని కాపలా
రోగి మంచం పక్కన యంత్రం చేసే పని ఎంత, మనిషికి మిగిలే పని ఎంత?

ఆ రాత్రి మేము ఒక ఆసుపత్రి జనరల్ వార్డులో, మా మామూజాన్ మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాము. ఆయనకు న్యుమోనియా. ఆసుపత్రిలో చేర్చి అది మూడో రోజు. వేలికి ఒక క్లిప్పు, భుజానికి బీపీ పట్టీ, తల దగ్గర చిన్న మానిటరు. దాని తెర మీద రెండు మూడు అంకెలు, నిరంతరం కదిలే ఒక గీత. ముప్ఫై మంది రోగులున్న ఆ వార్డుకు రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్లు ఇద్దరే.

మానిటరు మొదటిసారి మోగినప్పుడు మేము పరుగున వెళ్లి సిస్టర్‌ను పిలిచాము. ఆమె వచ్చి, జారిన క్లిప్పును సరిచేసి వెళ్లింది. రెండోసారీ అంతే. అయిదోసారి మోగేసరికి పక్క మంచం దగ్గరున్న ముసలమ్మ జాలిపడి, "అదిగో ఆ బటన్ నొక్కు నాయనా, ఆగిపోతుంది. మేము నాలుగు రోజులుగా అట్లాగే చేస్తున్నాం" అని చెప్పింది. నొక్కాము. ఆగింది. కాసేపటికి మళ్లీ మోగింది, మళ్లీ నొక్కాము. తెల్లవారేలోగా ఎన్నిసార్లు నొక్కామో లెక్క లేదు.

తెల్లవారుజామున వచ్చిన డ్యూటీ డాక్టరు మామూజాన్ వైపు ఒక్క చూపు చూసి, "ఈ ఆయాసం ఎప్పటి నుంచి?" అని అడిగారు. మా దగ్గర సమాధానం లేదు. కేస్ షీట్‌లో రాత్రి పది గంటలకు శ్వాస 20 అని రాసి ఉంది. రెండు గంటలకు 20. ఆరు గంటలకూ 20. డాక్టరు గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం నిలబడి లెక్కపెట్టారు. 32. అప్పటికప్పుడు ఐసీయూకు తరలించారు. దైవకృపతో ఆయన కోలుకొని ఇంటికి వచ్చారు. కానీ ఆ రాత్రి మోగిన వాటిలో ఏది క్లిప్పు జారినందుకు మోగింది, ఏది ఊపిరి అందక మోగింది అనే ప్రశ్న మమ్మల్ని ఇప్పటికీ విడిచిపెట్టలేదు.

ఎవరిని నిందించాలి? ముప్ఫై మందిని చూసుకోవలసిన సిస్టర్‌నా? నిజాన్నీ అబద్ధాన్నీ ఒకే గొంతుతో అరిచే యంత్రాన్నా? దాని నోరు మూసిన మమ్మల్నా? రోగిని కనిపెట్టి ఉండే పనిని ఎలక్ట్రానిక్ సెన్సార్లకు అప్పగించడం ఇప్పుడు దేశమంతటా వేగంగా జరుగుతోంది. పెద్ద ఆసుపత్రులకే పరిమితమైన ఈ పరికరాలు జిల్లా ఆసుపత్రులకూ చిన్న నర్సింగ్ హోములకూ చేరుతున్నాయి. వాటి పక్కన రాత్రంతా కూర్చునేది కుటుంబ సభ్యులే. అందుకే ఈ విషయం వైద్యులకు మాత్రమే కాక ప్రతి ఇంటికీ అవసరమని భావించి ఈ వ్యాసం రాస్తున్నాము.

లెక్కపెట్టడం ఎప్పుడు మొదలైంది?

రోగి నాడి పట్టి చూడడం అతి పురాతనమైన విద్య. అయితే నాడిని, జ్వరాన్ని, రక్తపోటును అంకెలలో కొలిచి, గంటగంటకూ కాగితం మీద రాయడం అంత పాతది కాదు. 19వ శతాబ్దం మధ్యకాలం వరకు వైద్యులు వాడిన ఉష్ణమాపకం దాదాపు అడుగు పొడవుండేది. జ్వరం చూడడానికి దాన్ని ఇరవై నిమిషాల పాటు రోగి వద్ద ఉంచవలసి వచ్చేది. ఇంగ్లండుకు చెందిన వైద్యుడు క్లిఫర్డ్ ఆల్‌బట్ 1860 దశకంలో దాన్ని ఆరు అంగుళాలకు తగ్గించాడు. అయిదు నిమిషాలలో జ్వరం తెలిసేది. అదే కాలంలో జర్మనీలో కార్ల్ వుండర్లిష్ వేలాది రోగుల ఉష్ణోగ్రతలను పదేపదే కొలిచి, 1868లో ఆ ఫలితాలను గ్రంథంగా ప్రచురించాడు. జ్వరం దానంతట అదే ఒక వ్యాధి కాదనీ, లోపలి వ్యాధికి అది సూచన అనీ, ఒక్కసారి కొలిచిన అంకె కన్నా రోజుల తరబడి గీసిన రేఖ ఎక్కువ విషయం చెబుతుందనీ ఆయన చూపించాడు.

1896లో ఇటలీ వైద్యుడు రీవా రొచ్చీ భుజానికి చుట్టే పట్టీతో రక్తపోటు కొలిచే విధానాన్ని ప్రకటించాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొత్కోవ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి వినిపించే శబ్దాల ఆధారంగా పై అంకెను, కింది అంకెను గుర్తించడం నేర్పాడు. ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, రక్తపోటు అనే ఈ నాలుగింటినీ నాలుగైదు గంటలకొకసారి కొలిచి రాయడం అప్పటి నుంచి నర్సు దినచర్యలో భాగమైపోయింది.

ఇది చిన్న పని కాదు. ఒక్కో రోగికి ఈ కొలతలన్నీ తీసి రాయడానికి అయిదు నిమిషాలు పడుతుందనుకుందాం. ముప్ఫై మందికి రెండున్నర గంటలు. నాలుగు గంటలకొకసారి చేయాలంటే ఒక నర్సు సమయంలో సగానికి పైగా ఇందులోనే గడిచిపోతుంది. మందులు, ఇంజెక్షన్లు, సెలైన్లు, పక్కలు మార్చడం, కొత్తగా చేరే రోగులు అదనం. అప్పటికీ రెండు కొలతల మధ్య నాలుగు గంటల చీకటి మిగిలే ఉంటుంది. ఆ చీకటిలోనే రోగి పరిస్థితి దిగజారవచ్చు. సెన్సార్లు తొలగించదలచింది ఈ చీకటినే.

వేలి చివర వెలుగు

ఈ పరికరాలన్నింటిలో సామాన్యులకు బాగా తెలిసినది పల్స్ ఆక్సీమీటరు. కోవిడ్ కాలంలో ప్రతి వీధిలో ఈ క్లిప్పు కోసం వెతుకులాట జరిగింది. అయితే అది ఎలా పనిచేస్తుందో, ఎవరి బుర్రలో పుట్టిందో తెలిసినవారు తక్కువ.

ఊపిరితిత్తులలో రక్తం గాలితో కలిసి మారుతుందనే అవగాహనకు సుదీర్ఘ చరిత్ర ఉంది. గుండె కుడి భాగం నుంచి రక్తం ఊపిరితిత్తుల గుండా ప్రయాణించి ఎడమ భాగానికి చేరుతుందని 13వ శతాబ్దంలోనే కైరో వైద్యుడు ఇబ్నె నఫీస్ రాసిపెట్టాడు. ఆక్సిజన్ నిండిన రక్తం ఎర్రగా మెరుస్తుంది, ఆక్సిజన్ లేనిది నల్లబడుతుంది. అంటే రక్తం రంగును చూడగలిగితే ఆక్సిజన్ ఎంత ఉందో చెప్పవచ్చు. చర్మాన్ని కోయకుండా లోపలి రక్తం రంగును చూడడమే చిక్కు. వేలి గుండా కాంతిని పంపితే చర్మం, మాంసం, ఎముక, సిరలలోని రక్తం అన్నీ ఆ కాంతిని పీల్చుకుంటాయి. వాటిలో మనకు కావలసిన ధమని రక్తం వాటా ఎంతో విడదీయడం ఎలా?

జపాన్‌లోని నిహోన్ కోడెన్ సంస్థలో పనిచేస్తున్న ఇంజనీరు తకువొ అవొయాగి 1970 దశకం ఆరంభంలో వేరొక పరిశోధనలో ఉన్నాడు. రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి తమ్మె గుండా కాంతి పంపి, గుండె ఎంత రక్తాన్ని తోస్తోందో కొలవాలన్నది ఆయన ప్రయత్నం. కానీ నాడి కొట్టుకున్నప్పుడల్లా కాంతి కొద్దిగా ఎక్కువ తక్కువ అవుతూ కొలతను పాడుచేసేది. ఆ చికాకును తొలగించే మార్గం వెతుకుతుండగా ఆయనకు ఒక ఆలోచన తట్టింది. చర్మం, ఎముక కొట్టుకోవు. కొట్టుకునేది ధమని రక్తం ఒక్కటే. అంటే ఇన్నాళ్లూ చెత్తగా భావించి తీసివేయాలనుకున్న ఆ అలలోనే తాను వెతకవలసిన సమాచారం దాగి ఉంది. ఎర్ర కాంతిలో ఆ అల ఎంత, కంటికి కనిపించని పరారుణ కాంతిలో ఎంత అని పోల్చితే రక్తంలో ఆక్సిజన్ శాతం తెలుస్తుంది. 1974లో ఆయన ఈ సూత్రాన్ని జపాన్‌లో వెల్లడించాడు. 1980 దశకంలో ఈ పరికరం ఆపరేషన్ గదులలోకి ప్రవేశించి, మత్తుమందు ఇచ్చే విధానాన్నే మార్చివేసింది. అవొయాగి 2020 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. సరిగ్గా ఆ రోజులలోనే ప్రపంచమంతా ఆయన కనిపెట్టిన క్లిప్పు కోసం పరుగులు తీస్తోంది.

ఎవరూ లెక్కపెట్టని ఊపిరి

నాలుగు ప్రధాన కొలతలలో అత్యంత నిర్లక్ష్యానికి గురైనది శ్వాస. నాడి, బీపీ, జ్వరం కొలిచే యంత్రాలు నర్సు చేతిలో ఉంటాయి. శ్వాసకు మాత్రం గడియారం చూస్తూ, రోగి ఛాతీని గమనిస్తూ నిండా ఒక నిమిషం నిలబడాలి. పైగా "మీ ఊపిరి లెక్కిస్తున్నాము" అని చెబితే రోగికి తెలియకుండానే ఊపిరి తీరు మారిపోతుంది. అందుకే అనుభవజ్ఞులైన సిస్టర్లు నాడి చూస్తున్నట్లుగా మణికట్టు పట్టుకుని, కళ్లతో ఛాతీని గమనిస్తారు. అంత తీరిక లేని చోట అంచనా వేసి 18 అనో 20 అనో రాసేయడం అనేక దేశాల ఆసుపత్రులలో కనిపించే అలవాటే. మా మామూజాన్ కేస్ షీట్‌లోని మూడు ఇరవైలూ ఆ కోవకు చెందినవే. దురదృష్టమేమిటంటే, రోగి పరిస్థితి విషమించబోతున్నదని ముందుగా హెచ్చరించే సూచనలలో శ్వాస వేగం ముఖ్యమైనది.

ఈ లోటును పూడ్చడానికి ఇప్పుడు పరుపు కింద పరిచే సెన్సార్లు వచ్చాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తం తోపుకు శరీరం అతి స్వల్పంగా కదులుతుంది. ఊపిరి తీసినప్పుడు మరికొంత కదులుతుంది. ఒత్తిడికి గురైతే విద్యుత్ సంకేతం పుట్టించే పలుచని పలక ఈ కదలికలను పసిగట్టి గుండె వేగాన్నీ శ్వాస వేగాన్నీ వేరుచేసి చూపుతుంది. రోగి ఒంటికి తీగ తగిలించనవసరం లేదు. బెంగళూరులో పుట్టిన ఒక సంస్థ తయారుచేసిన ఇటువంటి పరికరాలను కోవిడ్ కాలంలో మన దేశంలోని ఆసుపత్రులలో అమర్చారు. వీటికీ పరిమితులున్నాయి. రోగి అటూ ఇటూ పొర్లుతుంటే లెక్క కుదరదు. కాళ్లు నొప్పెట్టిన బంధువు అదే మంచం మీద ఒక పక్క కూర్చున్నా, బిడ్డను పక్కన పడుకోబెట్టినా యంత్రం తికమక పడుతుంది. మన ఆసుపత్రులలో ఇది రోజూ జరిగేదే కాబట్టి ఈ సంగతి కుటుంబాలకు చెప్పి తీరాలి.

చిన్న మార్పులను కూడితే

సెన్సారు అంకెను ఇస్తుంది. ఆ అంకెకు అర్థం చెప్పవలసింది మరొకరు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో దేశమంతటికీ ఒకే విధమైన ముందస్తు హెచ్చరిక లెక్కను ప్రవేశపెట్టి, 2017లో సవరించింది. శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం, పై రక్తపోటు, నాడి, స్పృహ, ఉష్ణోగ్రత అనే ఆరింటికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు. ఆక్సిజన్ పెట్టి ఉంటే మరో రెండు. ఇక్కడ మార్కులు పెరగడం ప్రమాద సూచన. మొత్తం 5 లేదా అంతకన్నా ఎక్కువైతే వైద్యుడు త్వరగా వచ్చి చూడాలి, 7 లేదా అంతకన్నా ఎక్కువైతే అత్యవసర బృందం రావాలి.

ఉదాహరణకు ఒక రోగిని ఊహించుకుందాం. శ్వాస 22, ఆక్సిజన్ 94, పై బీపీ 108, నాడి 104, జ్వరం 101 డిగ్రీలు, స్పృహ చక్కగా ఉంది. ఈ అంకెలను విడివిడిగా చూసిన కుటుంబ సభ్యులు "ఫరవాలేదు, కొంచెం జ్వరమేగా" అనుకుంటారు. లెక్కవేస్తే శ్వాసకు 2, మిగిలిన నాలుగింటికి ఒక్కొక్కటి చొప్పున 4, స్పృహకు సున్నా. మొత్తం 6. అంటే తక్షణం వైద్యుడు చూడవలసిన రోగి! ఏ ఒక్క అంకె కూడా కేకలు పెట్టదు. అన్నీ కలిసి మెల్లగా హెచ్చరిస్తాయి. అలసిన మనిషి కంటికి ఈ మెల్లని హెచ్చరిక తప్పిపోతుంది. సెన్సార్ల అంకెలను కంప్యూటరు తానే కూడి, 5కు చేరగానే నర్సు ఫోనుకు కబురు పంపితే ఆ తప్పిదానికి అవకాశం తగ్గుతుంది.

ఇటువంటి లెక్క ప్రాణాలు నిలిపిన సందర్భం ఒకటి నవజాత శిశువుల వార్డులలో నమోదైంది. నెలలు నిండకుండా, అతి తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు రక్తంలో ఇన్ఫెక్షన్ సోకితే బయటికి లక్షణాలు కనిపించే ముందే గుండె స్పందనల తీరులో సూక్ష్మమైన మార్పు వస్తుందని అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ వైద్యులు గుర్తించారు. తొమ్మిది ఆసుపత్రులలో మూడు వేల మంది శిశువులపై జరిపిన పరిశీలనను 2011లో ప్రచురించారు. అందరి గుండె స్పందనలనూ యంత్రం విశ్లేషించింది కానీ, సగం మంది విషయంలోనే ఆ ఫలితాన్ని వైద్యులకు చూపించారు. చూపించని వర్గంలో మరణాలు 10.2 శాతం. చూపించిన వర్గంలో 8.1 శాతం. నూటికి ఇద్దరు బిడ్డలు అదనంగా తల్లి ఒడికి చేరారు. కేవలం ఒక అంకెను కంటి ఎదుట ఉంచడం వల్ల ఇంత మేలు జరిగింది.

పెద్దల సాధారణ వార్డుల విషయంలో మాత్రం ఫలితాలు ఇంత స్పష్టంగా లేవు. నిరంతర సెన్సార్లు అమర్చిన కొన్ని చోట్ల ప్రమాదాన్ని ముందుగా గుర్తించగలిగారు, కొన్ని చోట్ల పెద్ద తేడా కనిపించలేదు. హెచ్చరిక వచ్చిన తరువాత ఎవరు, ఎంతసేపటిలో రోగి దగ్గరకు వచ్చారనేదే అసలు ప్రశ్న. వచ్చేవారు లేని చోట ఎంత మంచి సెన్సారైనా సాక్షిగానే మిగిలిపోతుంది.

గంటలే గంటలు

ఇక ఆ రాత్రి మేము నొక్కిన బటన్ సంగతి. ఇది మా ఒక్కరి కథ కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ ఫ్రాన్సిస్కో ఆసుపత్రిలో అయిదు ఐసీయూలలోని 77 పడకల మానిటర్లను 31 రోజుల పాటు గమనించి, 2014లో వివరాలు ప్రచురించారు. ఆ ఒక్క నెలలో నమోదైన హెచ్చరికలు 25 లక్షలకు పైగా! చాలా భాగం చప్పుడు లేకుండా తెర మీద కనిపించేవే. చెవికి వినిపించేవి మాత్రమే లెక్కిస్తే ఒక్కో పడకకు రోజుకు 187. అంటే దాదాపు ఎనిమిది నిమిషాలకు ఒకటి. గుండె లయ తప్పిందని మోగిన వాటిలో 12 వేలకు పైగా హెచ్చరికలను నిపుణులు ఒక్కొక్కటిగా పరిశీలిస్తే నూటికి 89 తప్పుడువని తేలింది.

పదిసార్లు అబద్ధం చెప్పినవాడు పదకొండోసారి నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. యంత్రానికీ అదే గతి. ఆసుపత్రుల ప్రమాణాలను పర్యవేక్షించే అమెరికా సంస్థ జాయింట్ కమిషన్ 2013లో ఒక హెచ్చరిక జారీ చేసింది. 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు హెచ్చరికల విషయంలో జరిగిన పొరపాట్ల గురించి తనకు 98 నివేదికలు అందాయనీ, వాటిలో 80 మరణంతో ముగిశాయనీ తెలిపింది. గంట మోగక జరిగినవి కొన్నయితే, మోగినా ఎవరూ పట్టించుకోకనో, శబ్దం తగ్గించినందుననో జరిగినవి మరికొన్ని. చెవులు మొద్దుబారడం నర్సుల తప్పు కాదు. అది మనిషి స్వభావం.

దీనికి మార్గాలు లేకపోలేదు. ప్రతి రోగికీ ఒకే హద్దు పెట్టకుండా, ఆ రోగి పరిస్థితికి తగిన హద్దులు అమర్చడం. క్షణకాలం అంకె పడిపోగానే మోగకుండా కొన్ని సెకన్లు వేచి చూసేలా చేయడం. ఛాతీ మీద అంటించే ఎలక్ట్రోడ్లను చర్మం శుభ్రపరచి ప్రతిరోజూ మార్చడం. అన్నిటికన్నా ముఖ్యంగా, అవసరం తీరిన రోగికి మానిటరు తీసివేయడం. ఇవేవీ కోట్ల ఖర్చుతో కూడినవి కావు. కొంత శిక్షణ, కొంత శ్రద్ధ చాలు.

యంత్రం కంటికి కనబడనివి

వేలి క్లిప్పు చెప్పిందల్లా వేదవాక్కు అనుకోరాదు. చేతులు చల్లబడినా, రక్తప్రసరణ తగ్గినా, చేయి వణుకుతున్నా అంకె తప్పవచ్చు. గోళ్ల రంగు తీసివేయాలి. మన ఇళ్లలో పెళ్లిళ్లకూ పండుగలకూ మెహందీ సామాన్యం. ఎర్రగా పండే మామూలు గోరింటాకు కొలతను పెద్దగా మార్చదు కానీ, నల్ల మెహందీ సంకేతాన్ని అడ్డుకోగలదని పరిశీలనలలో తేలింది. అటువంటప్పుడు రంగు లేని వేలికో, చెవి తమ్మెకో అమర్చమని అడగాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పొగ పీల్చినవారి విషయంలో ఈ పరికరం పూర్తిగా మోసపోతుంది. రక్తంలో చేరిన కార్బన్ మోనాక్సైడును కూడా ఆక్సిజన్‌గానే లెక్కించి, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి మంచి అంకె చూపుతుంది. తీవ్రమైన రక్తహీనత ఉన్నవారికి 99 శాతం చూపినా శరీరానికి అందే ఆక్సిజన్ తక్కువే. ఉన్న రక్తంలో ఎంత శాతం నిండిందో అది చెబుతుంది, రక్తం ఎంత ఉందో చెప్పదు.

మరింత కలవరపెట్టే విషయం 2020 డిసెంబరులో వెలుగుచూసింది. మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు క్లిప్పు చూపిన అంకెలను, ధమని నుంచి తీసిన రక్తపరీక్ష ఫలితాలతో పోల్చి చూశారు. క్లిప్పు 92 నుంచి 96 వరకు చూపినప్పుడు, నిజానికి ఆక్సిజన్ 88 కన్నా తక్కువగా ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం కాగా నల్లవారిలో 11.7 శాతం. చర్మంలోని రంగు కాంతిని పీల్చుకోవడమే ఇందుకు ప్రధాన కారణంగా భావిస్తున్నారు. దశాబ్దాలుగా వాడుతున్న పరికరం కొందరి ఊపిరిని ఎక్కువగా, కొందరి ఊపిరిని తక్కువగా నమ్మదగిన రీతిలో కొలుస్తోందన్నమాట. చామనఛాయ, నలుపు మేనిఛాయలున్న మన దేశంలో దీనిని విస్మరించలేము. రోగి ఆయాసపడుతుండగా క్లిప్పు 94 చూపితే, నమ్మవలసింది ఆయాసాన్నే.

బీపీ యంత్రానిదీ ఇటువంటి కథే. అది శబ్దాలు వినదు. పట్టీలో గాలి తగ్గుతున్నప్పుడు కలిగే కంపనాలను బట్టి పై అంకెను, కింది అంకెను లెక్కకడుతుంది. పట్టీ చిన్నదైతే బీపీ ఎక్కువగా చూపుతుంది. కొలిచేటప్పుడు మాట్లాడినా, కదిలినా, గుండె లయ తప్పి కొట్టుకుంటున్నా ఫలితం నమ్మదగినది కాదు.

మిగిలిన సమయం ఎవరికి?

సెన్సార్లు వచ్చాక నర్సుకు కొలతల పని తగ్గుతుంది. అలా మిగిలిన సమయం ఎక్కడికి పోతుందన్నది ఈ మొత్తం వ్యవహారంలో కీలకమైన ప్రశ్న. ఆ సమయం రోగి పక్కన కూర్చోవడానికి, పుండ్లు పడకుండా పక్క మార్చడానికి, మందుల గురించి వివరించడానికి వినియోగమైతే యంత్రం మనకు వరమే. అలా కాక, "యంత్రాలున్నాయిగా, ఇద్దరు చేసే పనికి ఒక్కరు చాలు" అని యాజమాన్యాలు లెక్కవేస్తే, యంత్రం మోగుతూనే ఉంటుంది, వినే చెవి ఉండదు.

నర్సు మణికట్టు పట్టుకున్నప్పుడు నాడి ఒక్కటే చూడదు. చేయి చల్లగా ఉందా, చెమటలు పడుతున్నాయా, నిన్న నవ్వుతూ మాట్లాడిన మనిషి ఈరోజు ముభావంగా ఉన్నాడా, పెట్టిన అన్నం అలాగే ఉందా అని కూడా చూస్తుంది. ఆ నిమిషంలోనే రోగి తన నొప్పి గురించి, భయం గురించి చెప్పుకుంటాడు. కొలత యంత్రానికి అప్పగించినా ఈ నిమిషాన్ని మాత్రం పోగొట్టుకోరాదు.

రాత్రింబవళ్లు సేకరించే ఈ వివరాలు ఎవరి దగ్గర భద్రపరుస్తారన్నది మరో విషయం. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణకు 2023లో మన దేశంలో చట్టం వచ్చింది. రోగి గుండె స్పందన కూడా అతని వ్యక్తిగత సమాచారమే. అది ఎవరికి చేరుతుందని కుటుంబం అడగాలి.

మంచం పక్కన కూర్చునేవారికి

ఆ రాత్రి మాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించిన కొన్ని మాటలు పాఠకుల ముందుంచుతున్నాము.

మానిటరు అమర్చిన వెంటనే సిస్టర్‌ను మూడు ప్రశ్నలు అడగండి. ఏ అంకె దేనిది? ఏ హద్దు దాటితే మోగుతుంది? మోగితే ఎవరిని పిలవాలి? మర్యాదగా అడిగితే ఎంత పనిలో ఉన్నా చెబుతారు.

మోగినప్పుడు తెరను కాదు, ముందు రోగిని చూడండి. ముఖం, పెదవుల రంగు, ఊపిరి, మాట. రోగి తేలికగా ఉండి క్లిప్పు జారితే సరిచేయండి. రోగిలో ఏ మాత్రం తేడా కనిపించినా పిలవండి. శబ్దం ఆపే బటన్‌ను మాత్రం మీరు నొక్కకండి. పదేపదే ఊరికే మోగుతుంటే ఆ సంగతే సిస్టర్‌కు చెప్పండి. హద్దులు మార్చడమో, క్లిప్పు మార్చడమో ఆమె చేయగల పని.

ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. రోగి నిద్రలోనో, నిశ్చలంగానో ఉన్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు లేచిందో గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కించండి. పెద్దలలో సాధారణంగా 12 నుంచి 20. పసిపిల్లలలో ఎక్కువ ఉంటుంది. పెద్దలలో 25కు చేరితే ఆలస్యం చేయకుండా చెప్పండి. అంకెను సమయంతో సహా కాగితం మీద రాసి పెట్టుకోండి. "ఆయాసంగా ఉంది" అనే మాట కన్నా "రెండింటికి 22, మూడింటికి 28" అనే మాట డాక్టరును త్వరగా కదిలిస్తుంది.

రోగి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, మనుషులను గుర్తుపట్టకపోయినా అది వృద్ధాప్యమని సరిపెట్టుకోకండి. బ్రిటన్ లెక్కలో కొత్తగా వచ్చిన తికమకకు ఒక్కదానికే పూర్తి మూడు మార్కులు. దాన్ని పసిగట్టగలిగే సెన్సారు మీరే. ఆ మనిషి నిన్న ఎలా మాట్లాడారో తెలిసినది మీకే కనుక.

మామూజాన్ ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు, ఆ రాత్రి మేము బటన్ నొక్కిన సంగతి ఆయనకు చెప్పాము. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "మీరు నొక్కారని నాకు తెలుసు బేటా. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు" అన్నారు. గొంతు పెగలనివారి పక్షాన పిలవడానికే ఆ గంట. అది పిలిచినప్పుడు లేచి వచ్చే మనిషి మాత్రం మన మధ్యనే ఉండాలి.